రాయగడ నుంచి విశాఖకు, మళ్లీ ఇంటికి: గే ప్రయాణాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవి నేను కూర్చుని ఊహించిన ప్రశ్నలు కావు. ఒడిశాలో ఆంధ్రా వైపున్న రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం చుట్టుపక్కల ఉండే తెలుగు కుర్రాళ్లు, కొందరు నడివయసు వాళ్లు కూడా, ఏళ్లుగా నన్ను అడుగుతున్నవి. ఒక్కొక్కరికీ ఫోన్లో అర్ధరాత్రి దాకా చెప్పే బదులు ఒకచోట రాసిపెడదామనిపించింది. నేను రాయగడలో పుట్టాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఉద్యోగంలో హిందీ. గే మగవాడిని. అందుకే ఇందులో ఎక్కువ భాగం మగవాళ్ల అనుభవమే, ఆడవాళ్ల గురించి కింద విడిగా రాశాను. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు చదవొచ్చు, కానీ ఎవరినో కలవడానికి ఒంటరిగా రైలెక్కొద్దు, ఈ ఒక్క మాట వినండి.

గే అనే ఇంగ్లీషు మాటే ఎందుకు? తెలుగులో మాట లేదా?

పేపర్లలో స్వలింగ సంపర్కులు అని రాస్తారు. ఆ మాట చూస్తే నాకు పోలీసు కేసు కాగితం గుర్తొస్తుంది. ఊళ్లో మనకు దొరికిన మాటలు తేడాగాడు, మాడా, పాయింట్ ఫైవ్. ఒడియా బడిలో మాయిచియా. అంటే పదిహేనేళ్లకే నా దగ్గర రెండు భాషల్లో తిట్లున్నాయి, ఏ భాషలోనూ పేరు లేదు. గే అంటే ఎక్కువమందికి అర్థమవుతుంది, దానికి తిట్టు వాసన అంటలేదు, అందుకే వాడుతున్నాను. కోతి (ఆడతనం ఉన్న మగవాడు), పంతి (అలాంటివాళ్లకి తోడుగా ఉండే మగవాడు) అనే మాటలు కూడా మనవాళ్లలో ఉన్నాయి, అవి వాడుకునేవాళ్లు గర్వంగానే వాడుకుంటారు, వాటిని చిన్నచూపు చూడొద్దు. హిజ్రా, ట్రాన్స్ మనుషుల సంగతి వేరు. అది ఎవరిని ఇష్టపడతారన్న విషయం కాదు, తాము ఎవరన్న విషయం. ఇంట్లోవాళ్లు రెండూ కలిపేస్తారు, ఓపికగా విడదీసి చెప్పాలి.

ఊరు దాటకపోతే మనిషికి తను గే అని తెలియదా? ప్రయాణం నిజంగా మనిషిని మారుస్తుందా?

తెలుస్తుంది. నాకు తొమ్మిదో తరగతిలోనే తెలుసు. ఎక్కడికీ వెళ్లకుండా రాయగడలోనే తెలిసింది. కాబట్టి పట్నం వెళ్లి చెడిపోయాడు అనే మాటలో నిజం లేదు, అది మీ అమ్మకైనా చెప్పండి.

మరి ప్రయాణం చేసేదేంటి అంటే, కాపలా దించుతుంది. మా వీధిలో కిరాణా కొట్టాయనకు మా నాన్న పేరు తెలుసు, తాత పేరు తెలుసు, నేను ఎన్నో ర్యాంకు తెచ్చుకున్నానో కూడా తెలుసు. అలాంటి చోట పెరిగినవాడు తన నడకను తనే కాపలా కాస్తాడు. చెయ్యి ఎలా ఊపుతున్నాను, గొంతు సన్నగా వచ్చిందా, ఆ అబ్బాయి వైపు ఒక క్షణం ఎక్కువ చూశానా అని రోజంతా లెక్క చూసుకుంటూనే ఉంటాడు, అది ఎంత అలవాటైపోతుందంటే అలసిపోతున్నానని కూడా తెలియదు. 2016లో మొదటిసారి ఒంటరిగా విశాఖ వెళ్లినప్పుడు, ఇంట్లో బ్యాంకు పరీక్ష అని చెప్పి, జనరల్ బోగీలో కిటికీ దగ్గర కూర్చున్నాను. పార్వతీపురం దాటాక నా భుజాలు కాస్త కిందకి దిగాయి. బొబ్బిలి వచ్చేసరికి ఎదురు సీటు అబ్బాయి నన్ను చూసి నవ్వితే నేనూ నవ్వాను. అంతే జరిగింది. కానీ అంతకుముందు ఒక మగవాడి నవ్వుకి భయపడకుండా నవ్వడం అనేది నా జీవితంలో జరగలేదు.

ఆ రోజు సాయంత్రం ఆర్కే బీచ్‌లో ఆరుగురం కూర్చున్నాం. ఒకరినొకరు ఆన్‌లైన్‌లో తెలిసినవాళ్లు, నేనొక్కడినే కొత్త. మురీ మిక్చర్ పొట్లాలు చేతులు మారుతున్నాయి. నేను అప్పటిదాకా ఈ విషయం గురించి చదివిందంతా ఇంగ్లీషులో, తలలో మాట్లాడుకున్నదీ ఇంగ్లీషులోనే, ఎందుకంటే తెలుగులో దాని గురించి తిట్లు తప్ప ఏవీ వినలేదు కదా. అందులో ఒకాయన, నలభై దాటినాయన, ఫోన్ చూసుకుని మామూలుగా అన్నాడు: "మా ఆయనకి ఈరోజు నైట్ డ్యూటీ, నేను తొమ్మిదింటికి బయల్దేరాలి, క్యారేజీ కట్టాలి." మా ఆయన. మా అమ్మ మా నాన్న గురించి అనే మాట. మా వీధిలో ప్రతి ఇంట్లో వినబడే మాట. ఒక మగవాడు ఇంకో మగవాడి గురించి ఆ మాట అంటే ఎవరూ నవ్వలేదు, తల కూడా తిప్పలేదు, ఒకతను మాత్రం కూర ఏం వండుతావన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఇసుక పడిందని చెప్పాను.

మనిషిని మార్చడం అంటే నా దృష్టిలో ఇది. గే అనే సంగతి నాతో ఎప్పుడూ ఉంది. అది క్యారేజీ కట్టే జీవితం కూడా కావచ్చని, దాన్ని మా భాషలో మా యాసలో చెప్పుకోవచ్చని మాత్రం ఆ బీచ్ దగ్గరే తెలిసింది.

గే స్పేస్ అంటే బార్లూ పబ్బులేనా? మన వైపు అలాంటివి లేవు కదా?

లోకంలో ఈ కథ చాలాచోట్ల బార్లతోనే మొదలైంది, ఎందుకంటే మిగతా చోట్ల కూర్చోనివ్వలేదు. న్యూయార్క్‌లో స్టోన్‌వాల్ ఇన్ అనే బార్ మీద 1969 జూన్ 28 తెల్లవారుజామున పోలీసులు దాడి చేస్తే, అక్కడివాళ్లు ఆ రాత్రి పారిపోకుండా తిరగబడ్డారు. మరుసటి ఏడాది అదే తేదీన ఊరేగింపు తీశారు, ఇప్పుడు ఊరూరా జరిగే ప్రైడ్ అక్కడి నుంచి వచ్చిందే. శాన్ ఫ్రాన్సిస్కో కథ నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో గే అని సైన్యం నుంచి తీసేసినవాళ్లలో చాలామందిని ఆ ఓడరేవులో దించారు. ఆ కాగితం పట్టుకుని సొంతూరు వెళ్తే అందరికీ తెలిసిపోతుందని వాళ్లు అక్కడే ఉండిపోయారు. సిగ్గుతో ఆగిపోయినవాళ్లే ఒక ఊరికి రూపం ఇచ్చారు. 1960ల్లో అమెరికాలో ఏ ఊళ్లో ఏ బార్ అని జేబులో పట్టే చిన్న పుస్తకాలు అచ్చేసుకుని తిరిగేవారు, అంటే ప్రయాణం, ఈ చోట్లు మొదటి నుంచీ కలిసే నడిచాయి.

మన దేశంలో మొదటి ప్రైడ్ నడక 1999 జూలై 2న కోల్‌కతాలో జరిగింది. నడిచింది పదిహేనుమంది. బరంపురంలో రాత్రి రైలెక్కితే పొద్దున హావ్‌డా దిగుతాం, అంత దగ్గర్లో జరిగింది, మన వైపు ఎవరికీ తెలియలేదు. ముంబైలో 1990లో గేల పత్రిక మొదలైంది, 1994 నుంచి గేల కోసం పనిచేసే హమ్‌సఫర్ ట్రస్ట్ ఉంది, 2008 నుంచి పెద్ద ఊరేగింపు ఉంది. హైదరాబాద్ ప్రైడ్ 2013లో మొదలైంది.

మన వైపు బోర్డు పెట్టిన చోటు లేదు, నిజమే. కానీ బోర్డు లేనివి ఎప్పుడూ ఉన్నాయి. ఒకరి మేడ మీద గది, ఒక టైలరు కొట్టు వెనక బెంచీ, ఆదివారం గోపాలపురం తీరంలో నలుగురు కూర్చునే మెట్లు. బరంపురం మిత్రులు నెలకోసారి అలా కలుస్తారు, ఇద్దరు తెలుగు, ఇద్దరు ఒడియా, టీ తాగుతారు, ఒకరి అక్క పెళ్లి గురించి మాట్లాడుకుంటారు, లేస్తారు. స్పేస్ అంటే నాకు ఒకటే గుర్తు: అక్కడ కూర్చున్నప్పుడు అబద్ధం ఆడాల్సిన పని లేకపోవడం.

మొదటిసారి ఎక్కడికి వెళ్లమంటారు?

మీ భాష వినబడే చోటికి. ఇది నా గట్టి అభిప్రాయం, చాలామంది ఒప్పుకోరు, నేరుగా ముంబై వెళ్లమంటారు. నేను విశాఖ అంటాను. రాయగడ, పర్లాకిమిడి వాళ్లకి అది ఎలాగూ మన పెద్ద బజారు, పరీక్షలకీ ఆసుపత్రికీ బట్టలకీ వెళ్లేదే, కాబట్టి ఇంట్లో ఎవరూ ఎందుకని అడగరు. బరంపురం వాళ్లకి భువనేశ్వర్ దగ్గర, కానీ అక్కడ సగం బంధువులు ఉంటారు, అదొక్కటే టెన్షన్. హైదరాబాద్ పెద్దది, మనుషులు ఎక్కువ, కాన్ఫరెన్సులు, సినిమా ప్రదర్శనలు, సపోర్ట్ గ్రూపులు ఉంటాయి, తెలుగు ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు కూడా. ఆ పట్టించుకోకపోవడం మొదటి రోజు హాయిగా ఉంటుంది, మూడో రోజు ఒంటరిగా ఉంటుంది. ముంబై చివర చూడండి. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ బరంపురం మీదుగానే వెళ్తుంది, ఎక్కడికీ పోదు.

పట్నంలో ఆ పార్టీకి వెళ్తే అందరూ ఇంగ్లీషు, ఖరీదైన బట్టలు, జిమ్ బాడీలు. నాకు చోటు లేదనిపించింది. నేను గే కూడా కాదేమో?

మీరు గేనే, ఆ గది మీది కాదు, అంతే. హైదరాబాద్‌లో ఒక పబ్బులో నాకూ ఇదే జరిగింది. లోపలికి వెళ్లడానికే నా వారం ఖర్చు అయింది. ఒకతను ఎక్కడి నుంచి అన్నాడు, రాయగడ అన్నాను, మహారాష్ట్రలోనా అన్నాడు, అది రాయ్‌గడ్, మాది ఒడిశా అన్నాను, ఓ అయితే తెలుగెలా వచ్చు అన్నాడు. సరిహద్దు వాళ్లందరికీ ఈ సంభాషణ తెలుసు. ఒడిశాలో మనం తెలుగోళ్లం, ఆంధ్రాలో ఒడిశావాళ్లం. అక్కడ దానికి ఇంకొకటి కలిసింది, గేల మధ్య పల్లెటూరి వాడిని.

అది బాధే, బాధ కాదని నేను చెప్పను. కులం అడిగేవాళ్లు ఆ గదుల్లోనూ ఉంటారు. నల్లగా ఉన్నావని, ఆడంగిగా ఉన్నావని ముఖం మీదే చెప్పేవాళ్లు యాపుల్లో కోకొల్లలు. బయట మనల్ని తొక్కినవన్నీ లోపలికి కూడా వచ్చి కూర్చుంటాయి. అలాంటి గదిలోంచి లేచి రావడంలో తప్పు లేదు. కానీ ఒక గది చూసి మొత్తం ఊరు ఇంతే అనుకోకండి. నాకు ఆ మరుసటి సాయంత్రమే ఒక పార్కులో పుస్తకాలు చదివే గుంపు దొరికింది, అందులో ఇద్దరు కరీంనగర్ వాళ్లు, వాళ్ల తెలుగు నాకు సగమే అర్థమైంది, నాది వాళ్లకి సగం, రాత్రి పది దాకా మాట్లాడుకున్నాం.

సరిహద్దు మనిషికి ఒక బలం ఉంది, అది నాకు ఆలస్యంగా అర్థమైంది. ఎవరితో ఏ భాష మాట్లాడాలో, ఏ మాట ఎక్కడ ఆపాలో మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇంట్లో ఒకలా, స్నేహితుల మధ్య ఒకలా ఉంటే నేను దొంగనా అని కుర్రాళ్లు అడుగుతారు. బజార్లో ఒడియా మాట్లాడి ఇంటికొచ్చి తెలుగు మాట్లాడితే దొంగతనమా? భాష మార్చినా మనిషి ఒకడే. అబద్ధం ఎక్కడ మొదలవుతుందంటే, ఇంకొకరి జీవితం దానివల్ల పాడయ్యే చోట. దాని గురించి కింద పెళ్లి ప్రశ్నలో చెప్తాను.

ఇద్దరు మగాళ్లకు లాడ్జిలో గది ఇస్తారా? పోలీసులు వస్తే?

ఇస్తారు. మన దేశంలో ఇద్దరు మగాళ్లు గది అడిగితే ఎవరూ ఆశ్చర్యపోరు, పెళ్లికాని ఆడా మగా జంటకే ఎక్కువ కష్టం. ఇద్దరి గుర్తింపు కార్డులూ ఇవ్వండి. కొన్ని లాడ్జిల్లో అదే ఊరి ఆధార్ ఉంటే గది ఇవ్వరు, ముందే ఫోన్ చేసి అడగండి.

చట్టం గురించి భయపడేవాళ్లకి: గే సంబంధాన్ని నేరంగా చూసిన 377 సెక్షన్‌ ఇష్టపూర్వకంగా ఉండే పెద్దవాళ్లకు వర్తించదని 2009లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది, 2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను మళ్లీ నిలబెట్టింది, 2018 సెప్టెంబర్ 6న అదే సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇష్టపూర్వకంగా ఉండే పెద్దవాళ్ల మధ్య సంబంధం నేరం కాదని తేల్చింది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత అనే కొత్త చట్టంలో ఆ సెక్షనే లేదు. నేను మొదటిసారి విశాఖ వెళ్లింది 2016లో, అంటే అప్పటికి అది నేరమే. బీచ్‌లో లాఠీ చప్పుడు వినబడినప్పుడల్లా ఆరుగురం మాటలు ఆపేసేవాళ్లం. ఇప్పుడు వెళ్లే కుర్రాళ్లకి ఆ భయం లేదంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. ఎవరైనా యూనిఫాంలో వచ్చి డబ్బు అడిగితే, ఏ సెక్షన్ కింద అని మర్యాదగా అడగండి, పేరు చూసుకోండి, 112కి ఫోన్ చేయొచ్చు. ఉచిత న్యాయ సహాయానికి 15100.

యాప్‌లో చూస్తే దగ్గర్లో ఎవరూ ఉండరు, ఉంటే ముఖం ఉండదు. కలవొచ్చా?

చిన్న ఊళ్లలో ముఖం పెట్టకపోవడం మోసం అనుకోకండి, అది భయం. మీరూ పెట్టరు కదా. కానీ భయపడేవాళ్ల మధ్యే దొంగలు కూడా దాక్కుంటారు. గ్రైండర్ లాంటి గే డేటింగ్ యాప్‌లు మీరు ఎంత దూరంలో ఉన్నారో చూపిస్తాయి, రాయగడ అంత ఊళ్లో మూడు వందల మీటర్లు అంటే వీధి తెలిసిపోయినట్టే, సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేయండి. ముందు వీడియో కాల్, తర్వాత పగటిపూట, జనం ఉన్న టీ కొట్టు దగ్గర. నేరుగా గదికి రమ్మనేవాడి దగ్గరికి, ఊరి బయట తోటకి రమ్మనేవాడి దగ్గరికి మొదటిసారి వెళ్లొద్దు. ఎక్కడికి వెళ్తున్నారో ఒక్క మనిషికైనా చెప్పి వెళ్లండి.

బెదిరించి డబ్బు గుంజడం మన వైపు జరుగుతూనే ఉంది. ఒకరు కలవడానికి పిలుస్తారు, అక్కడ ముగ్గురు ఉంటారు, వీడియో తీసి ఇంట్లో చెప్తామంటారు. అలా జరిగితే ముందు ప్రాణం చూసుకోండి, ఫోన్ పోతే పోనీ. తర్వాత మాత్రం రెండోసారి డబ్బు పంపొద్దు, ఎందుకంటే ఒకసారి ఇచ్చినవాడిని వాళ్లు వదలరు. చాట్లు, నంబర్లు, డబ్బు పంపిన రసీదులు దాచండి. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి చెప్పండి. బెదిరించి డబ్బు గుంజడం కొత్త చట్టంలో 308 సెక్షన్ కింద నేరం, మీరు గే కావడం నేరం కాదు. స్టేషన్‌కి ఒంటరిగా వెళ్లలేకపోతే లాయర్‌తో వెళ్లండి. నా స్నేహితుడు ఒకడు వెళ్లలేదు, ఎనిమిది నెలలు జీతంలో సగం వాళ్లకే పంపాడు, మాకెవరికీ చెప్పలేదు. అప్పుడే చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాం.

ఉద్యోగానికి గల్ఫ్ వెళ్తున్నాను. అక్కడ ఎలా?

సౌదీ, ఖతార్, కువైట్, యూఏఈలో ఇది ఇప్పటికీ నేరం, జైలు, దేశం నుంచి పంపేయడం, కొన్నిచోట్ల ఇంకా పెద్ద శిక్షలు కూడా ఉన్నాయి. వెళ్లేముందు ఫోన్‌లోంచి యాప్‌లు, ఫోటోలు, చాట్లు తీసేయండి, అక్కడ ఎవరినీ ఆన్‌లైన్‌లో వెతకొద్దు. ఇది పిరికి సలహా అని ఎవరైనా అంటే అననివ్వండి. మలేషియాలోనూ నేరమే. సింగపూర్ 2022 చివర్లో ఆ పాత చట్టం తీసేసింది. అదీ మన 377 లాంటిదే, ఇంగ్లీషువాళ్లు పెట్టిందే. థాయ్‌లాండ్‌లో 2025 జనవరి 23 నుంచి ఇద్దరు మగాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు పెళ్లి చేసుకోవచ్చు. నేపాల్‌లో 2023 నవంబర్‌లో మొదటిసారి అలాంటి పెళ్లి నమోదైంది, అక్కడికి మనకు వీసా కూడా అక్కర్లేదు.

మన ఊరి జాతరల్లో మగవాళ్లు ఆడవేషం వేస్తారు, అందరూ దండం పెడతారు. మరి మనల్ని ఎందుకు ఏడిపిస్తారు?

ఇది నన్ను చిన్నప్పటి నుంచీ వెంటాడిన ప్రశ్న. బరంపురంలో రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. అమ్మవారు దేశీబెహెరా వీధికి పుట్టింటికొచ్చిన ఆడపడుచులా వస్తుంది, నెల రోజులు ఊరంతా వేషాలే, మొక్కుకున్నవాళ్లు పులి వేషం, దేవుళ్ల వేషం, ఆడవేషం వేసుకుని తిరుగుతారు. మా పెద్దమ్మ వాళ్లది బరంపురమే, ఒక ఏడు వాళ్ల అబ్బాయి మొక్కు తీర్చడానికి చీర కట్టాడు, అదే పెద్దమ్మ పౌడరు రాసి బొట్టు పెట్టింది. నేను దుపట్టా మెడలో వేసుకుంటే చెంప పగలగొట్టింది కూడా ఆవిడే.

వేషానికి తేదీ ఉంది, మొక్కు ఉంది, అమ్మవారి పేరు ఉంది, యాత్ర అయ్యాక విప్పేస్తారు. విప్పడానికి లేనిదాన్ని చూసే జనం భయపడతారు. వేషం వేసేవాళ్లంతా గేలు కారు, గేలంతా ఆడవేషం కట్టాలనుకోరు, అది వేరే సంగతి. కానీ ఆ నెల రోజులు నాకు కూడా ఒక స్పేసే. జనంలో ఎవరు ఎవరో తెలియదు, ఎవరి భుజం మీద ఎవరు చెయ్యి వేసినా పట్టించుకోరు. నాలాంటివాడు మొదటిసారి ఇంకో అబ్బాయి చెయ్యి పట్టుకుని నడిచింది ఆ గుంపులోనే.

తిరిగొచ్చాక ఊళ్లో ఊపిరాడట్లేదు. వెళ్లకపోయినా బాగుండేదనిపిస్తోంది.

అందరికీ ఇదే అవుతుంది, ముందే ఎవరూ చెప్పరు. విశాఖ నుంచి రైలు దిగి రాయగడ స్టేషన్‌లో మా నాన్న స్కూటర్ వెనక కూర్చోగానే నా గొంతు దానంతట అదే బరువుగా మారిపోయింది, నేనే విన్నాను. పరీక్ష ఎలా రాశావురా అన్నాడు. బాగానే రాశాను నాన్నా అన్నాను. ఆ రాత్రి అన్నం సహించలేదు. ముందు కాపలా కాస్తున్నట్టు తెలియదు, ఇప్పుడు తెలిసింది, అందుకే నొప్పి ఎక్కువ.

నాకు పనికొచ్చింది ఏంటంటే, అక్కడి నుంచి ఏదో ఒక్కటి ఇంటికి తెచ్చుకోవడం. మొత్తం జీవితం తేలేం. నేను తెచ్చుకుంది వారానికి ఒక ఫోన్ కాల్. క్యారేజీ కట్టే ఆయన ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు, నాగావళి ఒడ్డుకి వెళ్లి మాట్లాడేవాడిని, తెలుగులో, గొంతు మార్చకుండా, అరగంట. రెండేళ్ల తర్వాత ఆ గొంతుతోనే మా చెల్లితో మాట్లాడగలిగాను. ఆమెకి 2018 తీర్పు వచ్చిన వారం చెప్పాను. వంటగదిలో, చింతపండు పిసుకుతోంది. చెయ్యి ఆపలేదు. "నాకు తెలుసన్నయ్యా, నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నాను" అంది.

అందరికీ అలాంటి చెల్లి ఉండదు. ఇంట్లో కొట్టేవాళ్లు, తాళం వేసేవాళ్లు ఉంటే చెప్పకండి, చదువో ఉద్యోగమో చేతికొచ్చే దాకా ఆగండి. ఆగడం ఓటమి కాదు. మనసు మరీ కుంగితే 14416 టెలీ మానస్‌కి ఫోన్ చేయండి, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు, డబ్బులు ఉండవు.

ఇంట్లో పెళ్లి చేసేస్తామంటున్నారు. చేసుకుని, అప్పుడప్పుడు విశాఖ వెళ్లొస్తే సరిపోదా?

సరిపోదు. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడలేను. మీ స్వేచ్ఛ ఖర్చు ఒక అమ్మాయి జీవితం అవుతుంది. ఆమెకి తెలియకుండా ఆమె మంచం మీద అబద్ధం పడుకుంటుంది. పైన దొంగతనం అన్నది ఇదే. ఉద్యోగం, పరీక్షలు, ఆరోగ్యం, జాతకం, ఏ సాకైనా చెప్పండి, పెళ్లి మాత్రం వద్దనండి. ఇప్పటికే చేసుకున్నవాళ్లు నాకు రాస్తుంటారు, వాళ్లని తిట్టే హక్కు నాకు లేదు, చాలామందిని నిజంగానే బలవంతంగా కూర్చోబెట్టారు. వాళ్లకి చెప్పేది ఒకటే, ఆరోగ్యం విషయంలో భార్యని ప్రమాదంలో పెట్టకండి.

మన పెళ్లికి చట్టం ఉందా అంటే లేదు, 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు ఆ హక్కు ఇవ్వలేమంది, పార్లమెంటు చూసుకోవాలంది. కానీ కలిసి బతకడానికి అడ్డు లేదు.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి మార్చేయిస్తామంటున్నారు.

మార్చడానికి ఇది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మన జాతీయ వైద్య కమిషన్ 2022లో ఇలాంటి మార్పిడి చికిత్స చేయడం డాక్టరు వృత్తికి తగని తప్పు అని ప్రకటించింది. ఆ మాట కాగితం మీద రాసి నాన్న చేతికివ్వండి. భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లేవాళ్లకి ఈ కాగితం పనిచేయదు, అప్పుడు దగ్గర్లో మిమ్మల్ని నమ్మే ఒక పెద్దమనిషిని, మేనమామో టీచరో, వెతుక్కోండి.

ఆడవాళ్ల సంగతేంటి?

మగవాడు బ్యాంకు పరీక్ష అని చెప్పి రైలెక్కొచ్చు. అమ్మాయి అదే మాట చెప్తే తమ్ముడిని తోడు పంపుతారు. బీచ్‌లో రాత్రి తొమ్మిది దాకా ఆరుగురు మగాళ్లు కూర్చుంటే ఎవరూ చూడరు. ఈ పేజీలో నేను రాసిన ప్రయాణాలన్నీ మగవాడి వెసులుబాటు మీద నిలబడ్డవే. అమ్మాయిలకి హాస్టలే స్పేస్, కోచింగ్ సెంటరే స్పేస్, నర్సింగ్ కాలేజీ గదే స్పేస్. ఒడిశాలో జాజ్‌పూర్ జిల్లా నేతగాళ్ల ఇంట్లో పుట్టిన పరుగుల రాణి ద్యుతీ చంద్ 2019లో నేను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని అందరి ముందూ చెప్పింది. ఆమెను కూడా లోకం చుట్టి వచ్చేలా చేసింది పరుగే. 2020 ఆగస్టులో ఒడిశా హైకోర్టు, పుట్టుకతో అమ్మాయిగా నమోదై తను మగవాడినని చెప్పుకున్న ఒకతను తన తోడుతో కలిసి ఉండొచ్చని తీర్పిచ్చింది. ఇంట్లోవాళ్లు లాక్కెళ్లిన అమ్మాయిలకి హైకోర్టులో వేసే హేబియస్ కార్పస్ పిటిషన్, అంటే బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే పిటిషన్, నిజంగా పనికొస్తుంది.

ఆరోగ్య పరీక్షలు ఊళ్లో చేయించుకోవడానికి సిగ్గు.

విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలోనో, బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రిలోనో చేయించుకోండి, ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్ఐవీ పరీక్ష ఉచితం, ఫలితం మీకే చెప్తారు. కండోమ్ పగిలినా, వాడకపోయినా 72 గంటల్లోపు వెళ్తే మందులిస్తారు, ఎంత త్వరగా వెళ్తే అంత మంచిది. హెల్ప్‌లైన్ 1097.

నాకు నలభై ఎనిమిది. పిల్లలున్నారు. ఇప్పుడు వెళ్లి ఏం చూడాలి?

ఈ ప్రశ్న అడిగినాయన పర్లాకిమిడి. భార్య పోయి మూడేళ్లు. ఆంధ్రాలోని పాతపట్నం పక్కనే అయినా జీవితంలో ఒక్కసారి కూడా ఈ పని మీద సరిహద్దు దాటలేదన్నాడు. పోయిన శీతాకాలం నేను విశాఖ వెళ్తుంటే నాతో వచ్చాడు. అదే బీచ్, ఇప్పుడు పదకొండు మంది. ఆయన రెండు గంటలు ఏమీ మాట్లాడలేదు, చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని వింటూ కూర్చున్నాడు. అందరూ లేస్తుంటే ఒక కుర్రాడు బాబాయ్ మీకెవరైనా ఉండేవారా అనడిగాడు. ఆయన ఒక పేరు చెప్పాడు. డిగ్రీలో రూమ్మేట్ అట, 1997. ఆ పేరు బయటికి అనడం ఇదే మొదటిసారి అన్నాడు. కుర్రాడు అతని గురించి చెప్పండి బాబాయ్ అని మళ్లీ కింద కూర్చున్నాడు, అందరం కూర్చున్నాం, ఆఖరి బస్సు పోయింది.